ముసలి డ్రాగన్ పోయిన పేజీ

“చదివేది ఎటూ పలకలోనే కదా, ఇంకా ఈ అలమర దేనికి?” అన్నాడు భర్త, కొలతల టేపు ఒక కొస పుస్తకాల అలమర అంచుకి ఆనించి, రెండో కొస పట్టుకోమని ఆమె వైపు చాస్తూ.

ఆమె చేతుల్లో అప్పుడు ఉతికి ఆరిన దుప్పటి ఉంది. పెద్ద దుప్పటిని ఒక్కళ్ళే మడత పెట్టడం ఎంత తంటానో పెట్టినవాళ్ళకే తెలుసు. ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టుకుని, అలాగే వంగి టేపు కొస అందుకుంది. కొలత తీసుకోవడం అయ్యాక ఆయన టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. దుప్పటి రెండో అంచు పట్టుకోవాలన్న ఊహ ఆయనకు రాలేదు. చెడ్డవాడై కాదు. ఆయనకు తెలిసినంతలో దుప్పట్లు మడతలతోనే పుడతాయి.

సంగతేమిటంటే, డాక్టరు ఆయన్ని రోజూ నడవమన్నాడు. వీధిలో నడవచ్చు, కానీ వీధిలో నడిస్తే ఎవరో ఒకరు ఆపి కబుర్లలో పెడతారట. అందుకని ట్రెడ్‌మిల్ కొనాలని తేలింది. అది పట్టే చోటు ముందుగదిలో ఒక్కటే ఉంది, కిటికీ పక్కన. అక్కడ పుస్తకాల అలమర ఉంది. ఆఫీసు స్నేహితుడొకాయన తన ఇంటికి ఆ అలమర, పుస్తకాలతో సహా, పట్టుకుపోతానన్నాడట. ఆదివారం వ్యాను తెస్తాడట. “నీకేం నష్టం లేదు. అన్నీ పలకలో దొరుకుతాయి. దుమ్ము దులిపే పని కూడా తప్పుతుంది,” అన్నాడు భర్త ఎంతో ప్రేమగా. ఆ అలమర దుమ్ము దులిపేది ఎవరో ఆయనకు తెలుసన్నమాట. ఆ మాత్రం తెలిసినందుకు ఆమెకు ముచ్చటేసింది కూడా.

“చూద్దాం లెండి,” అంది ఆమె. ఆ ఇంట్లో ఆమె ‘చూద్దాం’ అంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ అర్థం ఎవరు పెట్టారో తెలియదు కానీ అందరూ అలాగే తీసుకుంటారు.

పలక అంటే పుస్తకాలు చదివే యంత్రం. ఈ-రీడర్ అని డబ్బా మీద రాసి ఉంటుంది. మొదటిరోజు దాన్ని చూసి కూతురు చిట్టి “అమ్మకి పలక కొన్నారు, ఇక అఆలు దిద్దుతుంది” అని నవ్వింది. ఆనాటినుంచీ అది పలకే. కొనిచ్చింది భర్తే. ఆమె పుట్టినరోజుకి, అడక్కుండానే. అంతకుముందు పుట్టినరోజులకు ఆయన కొన్నవన్నీ వంటింట్లో వాడుకునే వస్తువులు. కాబట్టి పలక చేతిలో పెట్టినప్పుడు ఆమెకు నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆమె చదివేవి మాయల కథలు. మంత్రగత్తెలు, మాట్లాడే కొండలు, సింహాసనం కోసం కొట్టుకుచచ్చే అన్నదమ్ములు, వాళ్ళందరికీ తెలియకుండా లోకాన్ని కాపాడే ఎవరో ఒక అనామకురాలు. పెద్దవాళ్ళు చదవాల్సినవి కావని చాలామంది చెప్పారు. పెళ్ళయిన కొత్తలో భర్త ఒక పుస్తకం తిరగేసి, “ఇందులో నిజమేమైనా ఉందా?” అని అడిగాడు. నిజం కావాలంటే చుట్టూ కావలసినంత ఉంది, దాన్ని పుస్తకంలో కూడా చదవాలా అని ఆమె అనుకుంది. పైకి మాత్రం నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు చదువుతున్నది ఏడు భాగాల కథ. అందులో నదులన్నీ ఒకరోజు తిరగబడి, సముద్రం నుంచి కొండల మీదికి ఎక్కడం మొదలుపెడతాయి. ఊళ్ళు ఊళ్ళే కొట్టుకుపోతాయి. ఒక పడవ నడిపే పిల్ల, నిప్పు ఆరిపోయిన ఒక ముసలి డ్రాగన్, ఇద్దరూ కలిసి నదుల పుట్టుచోటు వెతుక్కుంటూ బయల్దేరతారు. డ్రాగన్ అంటే పేరుకే డ్రాగన్. నిప్పు కక్కలేదు, ఎగిరితే ఆయాసం. పనికిరాదని తోటి డ్రాగన్లు వదిలేసి పోయాయి. అది మాత్రం రాత్రిళ్ళు పిల్ల చుట్టూ చుట్టుకుని పడుకుని చలి కాస్తుంది, పగలంతా దారి గురించి గొణుగుతుంది. ఆమెకు ఆ గొణుగుడంటే ప్రాణం. మొదటి నాలుగు భాగాలూ అచ్చుపుస్తకాలు, అలమరలో ఉన్నాయి. మిగతావి పలకలో, ఏడూ కలిపే అమ్మితే అలాగే కొనుక్కుంది.

అచ్చుదా, పలకా అని ఎవరైనా నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే ఆమె ఒక పూట మాట్లాడగలదు. మాయల కథలకు పటం ముఖ్యం. మొదటి పేజీల్లో ఆ రాజ్యం పటం ఉంటుంది. పడవపిల్ల ఏ రేవులో ఉందో చూసుకోవడానికి వేలు ఒకటి పటం దగ్గర ఎప్పుడూ ఇరికించి ఉంచాలి. అచ్చుపుస్తకంలో అది ఎంత సుఖమో, పలకలో అంత నరకం. పటం బొటనవేలంత కనిపిస్తుంది, పెద్దది చేస్తే కొండ ఒకటే కనిపిస్తుంది, నది ఎటు పోయిందో తెలియదు. పైగా అచ్చుపుస్తకంలో కుడిచేతి వైపు ఇంకా ఎంత మందం మిగిలిందో చెయ్యే చెబుతుంది. ఇంత మందం ఉండగా కథానాయిక చావదులే అని ధైర్యం. అలాగని పలకను తీసిపారేయడానికీ లేదు. పడుకుని చదువుతుంటే అచ్చుపుస్తకం జారి ముక్కు మీద పడుతుంది, ఏడు భాగాల కథలో ఒక్కో భాగమూ రుబ్బురోలంత. పలక ఒంటిచేత్తో ఇమిడిపోతుంది, బస్సులో నిలబడి కూడా చదువుకోవచ్చు, అర్ధంతరంగా ఒక భాగం అయిపోతే తరువాతిది ఉన్నచోటే తెరుచుకుంటుంది.

కానీ ఆమె పలకకు మారింది వీటిలో దేనికోసమూ కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. ఒళ్ళో అచ్చుపుస్తకం ఉంటే ఇంట్లో ఎవరికి వాళ్ళకి పనులు గుర్తొస్తాయి. అప్పటిదాకా హాయిగా కూర్చున్న భర్తకు చొక్కా బొత్తాం ఊడిన విషయం తడుతుంది. “ఖాళీగానే ఉన్నావుగా” అని మొదలుపెడతాడు. అత్తగారైతే గుమ్మంలో నిలబడి, “ఎప్పుడూ ఆ పుస్తకమేనా అమ్మాయ్” అని ఒక్క మాట అని వెళ్ళిపోయేవారు. అందులో కోపం ఉండేది కాదు, అంతకంటే గట్టిదేదో ఉండేది. ఆ మాట వినగానే ఆమె పుస్తకం మూసి లేచి నిలబడేది. ఏ పనికోసం లేచిందో తెలియక వంటింట్లోకి వెళ్ళి గట్టు తుడిచేది. ఎన్నిసార్లు తుడిచిందో ఆ గట్టుకే తెలియాలి.

దుకాణంలోనూ అదే వరస. ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. చూపు పరీక్ష చెయ్యడం, ఫ్రేములు ముఖానికి సరిపోయేలా వంచి బిగించడం ఆమె పని. గిరాకీ లేని మధ్యాహ్నం ఒకసారి పుస్తకం తీస్తే యజమాని వచ్చి, “పుస్తకం పట్టుకుని కూర్చుంటే వచ్చేవాళ్ళు మనకి వ్యాపారం లేదనుకుంటారమ్మా” అన్నాడు, మర్యాదగానే. ఆ మాట అంటున్నప్పుడు పక్క బల్ల దగ్గర అమ్మకాల కుర్రవాళ్ళిద్దరూ ఫోన్లలో ఆట చూస్తున్నారు. వాళ్ళనేమీ అనలేదు. ఫోను చూస్తున్నవాడు పనిలో ఉన్నట్టే ఉంటాడు, పుస్తకం పట్టుకున్న ఆడది మాత్రం ఊరికే కూర్చున్నట్టుంటుంది. ఈ సత్యం ఆమెకు ఆ రోజే బోధపడింది.

పలక వచ్చాక లోకం ఒక్కసారిగా మంచిదైపోయింది. పొయ్యి పక్కన నిలబెట్టి చదివితే వంట ఎలా చెయ్యాలో చూస్తోందనుకుంటారు. సోఫాలో చదివితే కరెంటు బిల్లు కడుతోందనుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. పొద్దస్తమానం చదివినా ఆమె పనిమంతురాలే. దొంగతనం ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో దొంగయ్యేదాన్నని ఆమె లోపల్లోపల నవ్వుకునేది. కాబట్టి ‘చదివేది ఎటూ పలకలోనే కదా’ అని భర్త అన్నప్పుడు కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. నిజమే కదా మరి.

కొలతలు తీసుకున్న మర్నాటి మధ్యాహ్నం దుకాణంలో ఒక ఫ్రేము తుడిచి పక్కన పెట్టి పలక తెరిచింది. ఆరో భాగం సగంలో ఉంది. పడవపిల్లా, డ్రాగనూ మంచు వంతెన దగ్గరికి చేరుకుంటున్నారు. తెర మీద కథకు బదులు ఒక ప్రశ్న కనిపించింది. మీరు మరో పరికరంలో దీనికంటే ముందుకు చదివారు, అక్కడికి వెళ్ళాలా అని. ఆమె వేలు అవునన్న చోట నొక్కేసింది. అడిగినవాళ్ళు ఎవరైనా సరే, అవుననడం ఆ వేలికి అలవాటు.

తెర మారింది. పడవపిల్ల ఒక్కతే ఉంది. మంచులో కూర్చుని ఏడుస్తోంది. పక్కన పెద్ద దిబ్బ, దాని మీద మంచు పడుతోంది. ఆమె గబగబా రెండు వాక్యాలు చదివింది. చదవకుండా ఉండాల్సింది. ముసలి డ్రాగన్ చచ్చిపోయింది.

ఇలాంటి కథలు చదవనివాళ్ళకు ఇది చెప్పినా అర్థం కాదు. ఆరు భాగాలు కలిసి నడిచిన ప్రాణి పోవడం ఒక ఎత్తు. అది ఎలా పోయిందో చూడకుండా పోయిందన్న కబురు మాత్రం వినడం ఇంకో ఎత్తు. ఆమె పలకను బల్ల మీద బోర్లా పెట్టి, అప్పుడే వచ్చి ఎదురుగా కూర్చున్న ముసలాయనకు అద్దాలు తలకిందులుగా పెట్టబోయింది. “ఇంట్లో ఏమైనా జరిగిందా అమ్మా?” అని ఆయన అడిగాడు. ఆమె “దగ్గరవాళ్ళు పోయారండీ” అనేసింది. ఆ తరువాత సిగ్గేసింది కానీ, అబద్ధం చెప్పినట్టు మాత్రం అనిపించలేదు.

ఇంటికి వెళ్ళే దారంతా ఒక్కటే ఆలోచన. మరో పరికరం ఏది? తన ఖాతా ఇంట్లో అన్నిటిలోనూ ఉంది. వేరువేరుగా పెట్టడం దండగని భర్తే అలా పెట్టాడు. ఎవరో సరదాకి తెరిచి, వేలితో పేజీలు రుద్దేసి, డ్రాగన్‌ని చంపి వదిలేశారు. ఆమెకు కోపం వచ్చింది. చాలా ఏళ్ళ తరువాత శుభ్రమైన, తనదే అయిన కోపం.

భర్తను అడిగింది. ఆయన ఆఫీసు మెయిళ్ళు చదవడానికే తీరిక లేదని, ఒకవేళ తీరిక ఉన్నా డ్రాగన్ల జోలికి పోనని చెప్పాడు. చిట్టి ముందుగదిలో నేల మీద పడుకుని బడి పని చేసుకుంటోంది. తను ముట్టుకోలేదంది. అక్కడితో ఆగలేదు. “బళ్ళో టీచరు మీ ఇళ్ళల్లో ఎవరెవరు పుస్తకాలు చదువుతారని అడిగింది. నేను మా ఇంట్లో ఎవరూ చదవరని చెప్పాను,” అంది తల ఎత్తకుండానే.

“ఎవరూ చదవరా? నేనో?”

“నువ్వెప్పుడు చదువుతావమ్మా? ఎప్పుడూ ఆ తెరే చూస్తుంటావు.”

పిల్ల నిష్ఠూరానికి అనలేదు, ఉన్నమాట అంది. పెన్సిలు కొరుకుతూ మళ్ళీ లెక్కల్లో పడిపోయింది. ఆమె మాత్రం చేతిసంచీ భుజాన ఉండగానే అక్కడే నిలబడిపోయింది. ఆ పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఆమె ఎన్ని రాజ్యాలు తిరిగిందో. పాలు పడుతూ చదివింది, ఊయల ఊపుతూ చదివింది. పిల్లకు ఊహ తెలిసేసరికి పలక వచ్చింది. అందరి కళ్ళూ కప్పాలనుకుంది, కప్పింది. ఆ అందరిలో తన పిల్ల కూడా ఉందన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు.

భోజనాల దగ్గర అత్తగారు సరిగ్గా తినలేదు. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒంట్లో బాగాలేదా అని కొడుకు అడిగితే కంట్లో నలక పడిందన్నారు. రెండు కళ్ళల్లోనూ పడిందా అని చిట్టి అడిగింది. అత్తగారు లేచి చేతులు కడుక్కుని, తన గదిలోకి వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ బల్ల మీదున్న ట్యాబు చంకన పెట్టుకున్నారు. అది చిట్టి వాడి వదిలేసిన పాతది. కుటుంబం ఫొటోలు చూసుకోవడానికని కొడుకు ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ ఇల్లంతా దాన్ని మోసుకు తిరుగుతుంటారు. ‘మా అమ్మకి మేమంటే ఎంత ప్రాణమో, రోజంతా మా ఫొటోలే’ అని భర్త అందరికీ చెప్పుకుంటాడు.

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మెల్లగా గరిటె కింద పెట్టి, అత్తగారి గది గుమ్మం దాకా వెళ్ళింది. అత్తగారు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ట్యాబు వెలుతురు ముఖం మీద పడుతోంది. తెర మీద అక్షరాలు గుమ్మం దగ్గరికి కూడా కనిపించేంత పెద్దవి. అంత పెద్దవి చేస్తే ఒక పేజీకి నాలుగు ముక్కలు కూడా పట్టవు. కోడల్ని చూసి ఆవిడ గబుక్కున ట్యాబు బోర్లించారు. ఆ బోర్లించడం ఆమె ఎరగనిది కాదు. ఎన్నో ఏళ్ళుగా తన చెయ్యి చేసే పనే అది.

“డ్రాగన్ పోయిందని నాకూ తెలిసిపోయింది అత్తయ్యా,” అంది.

బొంకుదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టు అత్తగారి ముఖంలో కనిపించింది. చివరికి, “నువ్వింకా అక్కడిదాకా రాలేదుగా,” అన్నారు, తప్పు చేసినట్టు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వెళ్ళి మంచం మీద పక్కన కూర్చుంది. ఎలా పోయిందని అడిగింది. అత్తగారు చెప్పారు. మంచు వంతెన పగులుతుంటే పిల్ల దాటేదాకా అది వంతెన కింద తన వీపు ఆనించి నిలబడిందట. పిల్ల అవతలికి చేరాక కూడా దిగమంటే దిగలేదట. ఇంకెవరైనా దాటాల్సినవాళ్ళు ఉన్నారేమో చూడు అందట. చెబుతూ చెబుతూ ఆవిడ మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. పనికిరాదని అందరూ వదిలేసిందే పనికొచ్చింది చూడు అన్నారు. ఆమె అత్తగారి ముఖం వైపు చూసింది. ఇన్నేళ్ళలో తామిద్దరూ కూరల గురించీ, పిల్ల దగ్గు గురించీ తప్ప ఇంకొక సంగతి ఇంతసేపు మాట్లాడుకోలేదు.

ఫొటోల బొమ్మ అనుకుని పుస్తకం బొమ్మ నొక్కారట, అలా మొదలైందట. ఏం చదువుతోందో ఈ కోడలుపిల్ల అని మొదటి పేజీ చూశారట. నదులు తిరగబడేసరికి వదల్లేకపోయారట. “ఫొటోలు ఎన్నిసార్లని చూస్తానమ్మా? అవే మొహాలు, రోజూ చూసేవే,” అన్నారు.

“మరి నేను చదువుతుంటే ఎప్పుడూ పుస్తకమేనా అనేవారు కదా?” అని అడిగింది ఆమె. అడుగుతానని తనే అనుకోలేదు. మాట నోరు దాటాక భయమేసింది.

అత్తగారు కోపం తెచ్చుకోలేదు. మోకాలు రాసుకుంటూ చెప్పారు. “నీ చేతిలో పుస్తకం చూస్తే ఓర్చుకోలేకపోయేదాన్ని. నేను కాపురానికొచ్చిన ఇంట్లో పుస్తకాలు లేవు. సరుకులు కట్టిచ్చిన కాగితాలుండేవి. అవి విప్పి, నిలబడి చదివేదాన్ని. నిలబడితే పనిలో ఉన్నట్టుంటుంది, కూర్చుంటే పిలుస్తారు. ఎంత మంచి కథయినా కాగితం చిరిగినచోట ఆగిపోయేది. నువ్వు వచ్చి, అంత లావు పుస్తకం పట్టుకుని, దర్జాగా కూర్చున్నావు. అలా కూర్చోవచ్చని నాకెవరూ చెప్పలేదు.”

ఆ గదిలోంచి బయటికి వచ్చాక ఆమె గిన్నెలు కడుగుతూ చాలాసేపు ఆలోచించింది. ఒకే ఇంట్లో, మధ్యలో ఒక్క గోడ, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే డ్రాగన్ వెనక ఒకే మంచులో నడిచారు. ఒకరి అడుగుల చప్పుడు ఒకరికి వినపడలేదు. ఎవరి పలక వాళ్ళు బోర్లించుకున్నారు. తను దాచుకున్నది పనులు చెప్పేవాళ్ళ నుంచి అనుకుంది, చివరికి దాచింది తనలాంటి మనిషి నుంచి. ఆవిడ ఒళ్ళో ఒక్క అచ్చుపుస్తకం ఉండి ఉంటే ఈ మాటలు ఎప్పుడో మాట్లాడుకునేవాళ్ళు. పలకది తప్పేమీ లేదు. పలక లేకపోతే ఆ కీళ్ళ నొప్పుల చేతులు రుబ్బురోలంత పుస్తకాన్ని మోయలేవు, ఆ కళ్ళకు అచ్చు అక్షరాలు ఆనవు. అన్నట్టు కళ్ళు. ఊళ్ళో సగంమందికి చూపు పరీక్ష చేసిన మనిషి, ఇంట్లో మనిషికి ఒక్కనాడూ చెయ్యలేదు. దగ్గరి చూపు ఎలా ఉందని ఎప్పుడో అడిగితే ‘నేనేం చదవాలి కనక’ అన్నారు అత్తగారు. ఆమె కూడా నిజమే కదా అనుకుంది. ఆ మాట గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు దుకాణం నుంచి అక్షరాల అట్ట, పరీక్ష అద్దాల పెట్టె ఇంటికి తెచ్చింది. అత్తగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వరస వరసా చదివించింది. ఒక అద్దం పెట్టగానే ఆవిడ అట్ట మీదున్న చివరి వరస కూడా గడగడా చదివేసి, “ఇంకా చిన్నవి లేవా?” అన్నారు. భర్త చూసి, అమ్మకి ఫొటోలు ఇంకా బాగా కనిపిస్తాయని సంతోషించాడు. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆదివారం పొద్దున ఆయన ఉత్సాహంగా అలమర ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు. పుస్తకాలు కట్టలు కట్టడానికి తాడు తెచ్చాడు. పొయ్యి మీద కూర వేసి వచ్చిన ఆమె, ఆయన చేతిలోంచి తాడు తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టింది.

“ట్రెడ్‌మిల్ మన పడకగదిలో పెట్టుకుందాం. మంచం గోడకి జరిపితే పడుతుంది, నేను కొలిచాను. అలమర ఇక్కడే ఉంటుంది,” అంది.

“చూద్దామన్నావు కదా.”

“చూశానండీ.”

ఆయన బిత్తరపోయాడు. కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు. “పలకలో అన్నీ ఉన్నాయిగా? నీకు పలక నచ్చలేదా?” అని అడిగాడు. అడుగుతున్నప్పుడు ఆ గొంతులో చిన్నబోయిన పిల్లవాడి ధ్వని ఉంది. ఆమెకు ఆయన మీద ఎప్పటిలాగే జాలిలాంటి ప్రేమ కలిగింది. ఇంతకుముందైతే ఆ ప్రేమ దగ్గరే మాట ఆగిపోయేది.

“పలకంటే నాకు చాలా ఇష్టం. మీరిచ్చినవాటిలో అదే మంచిది. కానీ అందులో చదివితే నేను చదువుతున్నట్టు ఎవరికీ తెలియదు. చిట్టికి కూడా తెలియలేదు. ఇంట్లో ఎవరూ చదవరని బళ్ళో చెప్పి వచ్చింది. బస్సులో పలక చదువుకుంటాను. ఇంట్లో మాత్రం నలుగురికీ కనిపించేలా, ఈ కుర్చీలో కూర్చుని, పుస్తకం పట్టుకుని చదువుకుంటాను. చదువుతున్నప్పుడు నేను ఖాళీగా ఉన్నట్టు కాదు.”

ఇంత పొడుగు మాట ఆమె ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. భర్త తల్లి వైపు చూశాడు, న్యాయం చెప్పమన్నట్టు. అత్తగారు కొత్త కళ్ళద్దాలు సర్దుకుని, “ఆ మొదటి భాగం ఇలా ఇవ్వు నాన్నా. ఈ ట్యాబులో పటం చచ్చినా కనపడ్డం లేదు. ఆ మంచు వంతెన ఏ నది మీదుందో నాకు తేలాలి,” అన్నారు. ఆయన పుస్తకం అందించాడు. తల్లి ట్యాబును ఒళ్ళో, పుస్తకంలో పటాన్ని పక్కనున్న బల్ల మీద పరుచుకుని కూర్చోవడం నోరు తెరిచి చూశాడు. ఫొటోల సంగతి అప్పుడు అర్థమైంది ఆయనకు. కాసేపటికి నవ్వాడు. మంచివాడే, అర్థమైతే నవ్వే రకం. స్నేహితుడికి ఫోను చేసి వ్యాను వద్దని చెప్పాడు. ఎందుకని అవతలివాడు అడిగాడు కాబోలు, “మా ఇంట్లో చదువుతార్రా” అన్నాడు, కొంచెం గొప్పగా కూడా.

ఆమె అలమరలోంచి రెండో భాగం తీసుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. మంచి వెలుతురు పడుతోంది. పుస్తకం బరువుకి మణికట్లు లాగాయి. చిట్టి లోపలి నుంచి వచ్చి, ఇంటికి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు తల్లిని ఎగాదిగా చూసి, ఏం పుస్తకమని అడిగింది. అట్ట మీద బొమ్మ చూపిస్తే కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చుంది. మొదటి వాక్యం తనే చదివింది, రెండోది తల్లిని చదవమంది.

వంటింట్లోంచి మాడు వాసన సన్నగా మొదలైంది. ఎవరూ కదలకపోయేసరికి భర్తే వెళ్ళాడు. మూత తీసిన చప్పుడు, గరిటె కోసం సొరుగులు ఒకటొకటే లాగిన చప్పుడు వినిపించాయి. “ఏమోయ్, ఇందులో ఉప్పు వేశావా?” అని అక్కడినుంచి కేకేశాడు.

ఆమె కాళ్ళు అలవాటు కొద్దీ నేలను వెతుక్కున్నాయి. కుర్చీలోంచి సగం లేచింది కూడా. చిట్టి పేజీ మీద వేలు పెట్టి, ఎక్కడ ఆగారో గుర్తుగా పట్టుకుని, తల్లి ముఖంలోకి చూస్తోంది.

“రుచి చూస్తే తెలుస్తుందండీ,” అని ఆమె మళ్ళీ వెనక్కి ఆనుకుని, పేజీ తిప్పింది.